గోడమీది టెలివిజను – వ్యయవిచారము



నేడు నేను ప్రసంగింపబోవు విషయము మీకు మిక్కిలి చిన్నదిగా తోచవచ్చును. టెలివిజను పెట్టెను గోడకు తగిలించుటకు ఎంత వ్యయమగును అనునదే ఆ విషయము. నలువది యేండ్లు ఇండ్ల కట్టుబడి పనులను చూచి, ఇప్పుడు పని చాలించుకొని స్వగ్రామమున నున్నవాడను గనుక, ఈ ప్రశ్నను నన్ను వారమునకు ఒకరైనను అడుగుచుందురు. పట్టణమున నున్న కుమారుడు పెట్టెను కొని పంపును. అట్టపెట్టె వసారాలోనికి వచ్చును. దాని కట్లు ఊడకమునుపే మనుమడు పరుగెత్తుకొని వచ్చి, "తాతగారూ, దీనిని గోడకు బిగించుటకు ఎంత యగును?" అని అడుగును. నేను వెంటనే ధర చెప్పను. "ఏ గోడకు నాయనా?" అని తిరిగి యడుగుదును. వానికి నా ప్రశ్న వింతగా నుండును. గోడ యనిన గోడయే గదా యని వాని యూహ. పెట్టె వెలను అంగడివాడు చెప్పగలడు గాని, తగిలించు వెలను చెప్పవలసినది గోడయే. ఆ గోడ యెట్టిదో, ఎవరిదో, దాని యావలివైపున నేమున్నదో తెలియక చెప్పు ధర యేదియు నిలువదు.

పూర్వము మనకీ చిక్కు లేకుండెను. మన దేశమున టెలివిజను ప్రసారము 1959వ సంవత్సరము సెప్టెంబరు 15వ తేదీన ఢిల్లీ నగరమున ప్రారంభమైనది. మన పల్లెలకు అది వచ్చినది 1975లో. అమెరికావారి ఉపగ్రహమును ఒక యేడాదికి ఎరవు తెచ్చుకొని, ఆ యేడు ఆగస్టు 1వ తేది మొదలుకొని మరుసటి యేడు జూలై 31వ తేది వఱకు, ఆఱు రాష్ట్రములలోని 2400 గ్రామములకు బొమ్మలను పంపిరి. అందు ఆంధ్రప్రదేశపు పల్లెలును ఉండెను. తెలుగులోనే కార్యక్రమములు వచ్చుచుండెను. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు. కోళ్ళగూళ్ళకు వాడు ఇనుపవలతో అల్లిన పదియడుగుల గొడుగు ఒకటి ఆకాశమువైపు చూచుచుండగా, పెట్టె బడిలోనో పంచాయతీ యింటిలోనో బల్లమీద నుండెడిది. ఊరంతయు దాని ముందు కూర్చుండెడిది. ఏబదియేండ్ల నాటి ఆ గొడుగును కన్నులార చూచినవారు మీలో నిప్పటికిని కొందఱుందురు. ఆ పెట్టె యొకరిది కాదు గనుక, అది యెవరి గోడకు భారము కాలేదు.

పిదప 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగిన యేట రంగుల ప్రసారము వచ్చినది. 1987లో ఆదివారపు రామాయణము వచ్చినది. అప్పటినుండి పెట్టెలు ఇండ్లలోనికి నడచినవి. అవి నిజముగా పెట్టెలు. 21 అంగుళముల పెట్టె ఇరువది కిలోలకు పైగా తూగెడిది; ఇద్దఱు పట్టి యెత్తవలసినదే. దానిని గోడకు తగిలించుదమను తలపు ఎవనికిని రాలేదు. బల్లయే దాని స్థానము. కలవారు తలుపుల పేటికను చేయించి, చూచుట కాగానే తలుపులు మూసి పూలదండ వేసెడివారు. నేడు మనము పెట్టె యని పిలుచుచున్నది వాస్తవమునకు పలక. 32 అంగుళముల పలక నాలుగైదు కిలోలు, 43 అంగుళములది ఏడెనిమిది కిలోలు తూగును. పలుచనైనది, తేలికయైనది, కావున గోడమీదికి ఎక్కినది. అలవాటుచేత నేను పెట్టె యనియే యందును, క్షమింపుడు.

ఇక లెక్కలోనికి వత్తము. ఇటీవల మా వీథిలో ఒక గృహస్థుడు 22,000 రూపాయలకు 43 అంగుళముల పెట్టెను కొనెను. 2025 సెప్టెంబరు 22వ తేది మొదలు 32 అంగుళములకు మించిన పెట్టెలమీద పన్ను నూటికి 28 నుండి 18కి తగ్గినది గదా. చిన్నవానికి 2019 జనవరి నుండియే 18గా నున్నది. పన్ను తగ్గినదని ఆయన చిన్నదానిని విడిచి పెద్దదానిని కొనెను. అంగడివాడు "బిగింపు ఉచితము" అని చెప్పెను. ఉచితమను మాట విన్నప్పుడు, ఏది ఉచితము అని రెండవమాట అడుగవలెను. గోడకు బిగించు ఇనుపస్టాండు కొన్ని పెట్టెలతో వచ్చును, కొన్నింటితో రాదు. ఈయన పెట్టెతో రాలేదు. స్టాండునకు 450 రూపాయలు. బిగించు మనిషి పట్టణపు ఎల్లలు దాటి వచ్చినందున ఉచితము వర్తింపదని 500 రూపాయలు, మోటారు సైకిలు ఖర్చుక్రింద 200 రూపాయలు పుచ్చుకొనెను. విద్యుత్తు బిగింపు ఆ మూలనుండి ఈ మూలకు తెచ్చుటకు తీగ, మూడుకాళ్ళ ప్లగ్గు, పనివాని కూలి కలిపి 680. కప్పుమీది గొడుగునుండి వచ్చు తీగ చాలక క్రొత్తతీగకు 250. గోడలో రంధ్రములు తప్పుగా పడినచోట పూడ్చి రంగు వేయుటకు 400. మొత్తము 2,480 రూపాయలు. పెట్టె వెలలో రూపాయికి రెండణాలకు కొంచెము తక్కువ. ఈ సొమ్ము గొప్పది కాకపోవచ్చును. కాని ఇందులో ఒక్క పైసయు అంగడిలో చెప్పిన ధరలో లేదు. ఆ గృహస్థుడు ధాన్యము సొమ్ములో దానికై యేమియు విడిగా నుంచుకొనలేదు.

స్టాండు విషయము ఒక్కమాట. పెట్టె వీపున నాలుగు మరరంధ్రములు చతురస్రముగా నుండును. వాని నడుమ యెడము లోకమంతటను ఒప్పుకొన్న కొలతలలో నుండును: 100 మిల్లీమీటర్లకు 100, 200కు 200, 400కు 200, ఇట్లు. దీనిని వేసా కొలత యందురు. స్టాండు కొనబోవుటకు ముందు ఆ యెడమును కొలతపట్టీతో కొలిచి కాగితముమీద వ్రాసికొని పొండు. మరమేకులు కూడ పెట్టెకు తగినవే కావలెను. పొడవు ఎక్కువైన మరను బలవంతముగా త్రిప్పినచో అది లోపలికి పోయి పెట్టె యంత్రమునే పొడుచును.

స్టాండులలో రెండు జాతులు. ఒకటి పెట్టెను గోడకు అంటించినట్లు పట్టునది. రెండవది చేయి చాచినట్లు ముందుకు వచ్చి, ఇటునటు తిరుగునది. రెండవదాని వెల మొదటిదానికి రెండు మూడింతలుండును. కాని వెలకంటె ముఖ్యమైన భేదము వేఱొకటి కలదు. ఏతము త్రొక్కినవారికి నేను చెప్పనక్కఱలేదు. మ్రాను పొడవైనకొలది కొనయందలి చిన్నబరువు మొదట పెద్దబరువగును. ఎనిమిది కిలోల పెట్టె గోడకు రెండంగుళముల దూరములో నున్నప్పుడు, పైమరలను గోడనుండి లాగు బలము మూడు కిలోలు మించదు. అదే పెట్టె చేయి చాచి ఒకటిన్నర అడుగు ముందుకు వచ్చినప్పుడు, ఆ లాగు బలము ఇంచుమించు ఇరువదినాలుగు కిలోలగును. ఇది ఆఱంగుళముల ఎత్తుగల స్టాండునకు వేసిన లెక్క. దీనికి తోడు, పిల్లలు ఆ చేతిని పట్టుకొని ఊగుట కలదు. కాలిన యిటుకగోడ దీనిని ఓర్చును. మన పాతయిండ్ల గోడలు ఓర్వవు.

గోడల సంగతి కొంచెము విపులముగా చెప్పనిండు. నేను బ్రతుకంతయు చూచినవి అవియే.

కాలిన యిటుకను సిమెంటుతో కట్టి, సిమెంటు పూత పూసిన గోడ యీ పనికి శ్రేష్ఠము. బరమాయంత్రముతో రెండు రెండున్నర అంగుళముల లోతు తొలిచి, ప్లాస్టికు బిరడాను దిగగొట్టి, దానిలో మరను బిగింతురు. మర త్రిప్పినకొలది బిరడా విచ్చుకొని ఇటుకను పట్టుకొనును. ఇక్కడ పెద్దలు కుర్చీ వేసికొని చూడదగినది ఒకటి కలదు: తొలుచునప్పుడు రాలు ధూళి రంగు. మొదట బూడిదరంగు ధూళి వచ్చును, అది పూత. పిదప ఎఱ్ఱని ధూళి రావలెను, అది ఇటుక. కడవఱకు బూడిదరంగే వచ్చుచున్నచో, బరమా ఇటుకల నడిమి సందులో దిగినదని తెలిసికొనుడు. ఆ రంధ్రమును విడిచి రెండంగుళములు జరుపుమని చెప్పుడు. పనివాడు విసుగుకొనును. విసుగుకొననిండు.

బూడిదయిటుకతో కట్టిన క్రొత్త యిండ్లలో ఈ రంగుగుర్తు పనికిరాదు. సిమెంటు బోలుదిమ్మెల గోడలో, బరమా బోలులోనికి పోయినచో బిరడాకు పట్టుకొనుటకు ఏమియు నుండదు. వానికి వేఱుజాతి బిరడాలు దొరకును, అడిగి తెప్పింపవలెను. ఈ నడుమ పట్టణములనుండి తెల్లని తేలికదిమ్మెలు వచ్చుచున్నవి. నీటిలో వేసిన తేలునంత తేలిక. వానిని సుత్తిదెబ్బ లేకుండ, ఉత్త త్రిప్పుడుతోనే తొలువవలెను. సుత్తిదెబ్బతో తొలిచినచో రంధ్రము వెడల్పై బిరడా గిరగిర తిరుగును.

అడ్డుగోడలు అరయిటుక మందము, అనగా నాలుగున్నర అంగుళములు మాత్రమే యుండును. వానికి పెద్దపెట్టెను తగిలింపవచ్చును గాని, సుత్తిదెబ్బ మెల్లగా వేయవలెను. లేనిచో ఆవలివైపు పూత పెళ్ళలుగా ఊడును.

ఇక మన తాతలనాటి గోడ. మట్టిగోడ, లేదా అడుసుతో పేర్చిన రాతిగోడ, ఒకటిన్నర రెండడుగుల మందము. వేసవిలో చల్లగా, శీతకాలమున వెచ్చగా నుండు గోడ. దీనిని బలహీనమని యనుట నాకు నచ్చదు. దూలములను, పెంకులను, అటకమీది ధాన్యమును మూడు తరములు మోసిన గోడ బలహీనమెట్లగును? కాని మోయుట వేఱు, పట్టుకొనుట వేఱు. పైనుండి అదిమిన బరువును మట్టి ఎంతయైనను మోయును. పక్కనుండి లాగిన మేకును అది పట్టుకొనలేదు. మీరు దండెము కట్టిన మేకు ఏటేట వదులగుట చూచుచునే యున్నారు. పైన సిమెంటు పూత పూయించినందున లోపలి మట్టి ఇటుక కాదు. బిగించు మనిషి పూతను చూచి సిమెంటుగోడ యనుకొనును. తొలువగా పూత దాటిన పిదప బరమా వెన్నలో దిగినట్లు దిగును. అప్పుడైనను ఆగవలసినది. తఱచు ఆగడు, ఆనాడతనికి ఇంకను నాలుగిండ్లు కలవు.

మా గ్రామముననే జరిగిన సంగతి చెప్పెదను. పేర్లు వలదు. ఒక తండ్రి యింటిని అన్నదమ్ములిద్దఱు పంచుకొనిరి. నడిమిగోడ ఉమ్మడి. తూర్పువాటా అన్నది, పడమటివాటా తమ్మునిది. తమ్ముని కుమారుడు ఉద్యోగములో ప్రవేశించి, మొదటి దీపావళికి 55 అంగుళముల పెట్టెను కొని తెచ్చెను. అది పదునైదు కిలోలు తూగును. బిగించుటకు పట్టణమునుండి మనిషి వచ్చెను. గోడ అడుసుతో కట్టిన రాతిగోడ. ప్లాస్టికు బిరడాలు నిలువవని తెలిసి, ఆ మనిషి ఆవలికి పోవునట్లు తొలిచి పొడవైన బోల్టులు వేయుదమనెను. ఉపాయము చెడ్డది కాదు. అట్టిగోడకు సరియైన ఉపాయము అదియే. ఆవలివైపు ఇనుపపలక వేసి బిగించినచో గోడ మందమంతయు కలిసి బరువును పట్టును. కాని ఆవలివైపు అన్నగారి దేవుని గూడు కలదు. ఆ మాట చెప్పవలసినవారెవరును చెప్పలేదు. అన్నగారు పొలమున నుండిరి. వదినగారు వంటయింట నుండిరి. బరమా గూటి ప్రక్కగా బయటికి వచ్చెను. పాత సున్నపు పూత గజము మేర ఊడి దీపపుసెమ్మెమీద పడెను.

సాయంకాలమునకు మాటలు పెరిగినవి. వారమునకు మాటలే లేకపోయెను. పిల్లలు ఇటునుండి అటు పోవుట మానిరి. పదియవనాడు నన్ను పిలిచిరి. నేను పోయి రెండువైపులను చూచితిని. తమ్మునివైపు వ్యయము 1,900 రూపాయలు. అన్నగారివైపు ఊడిన పూతను గీకి, రాళ్ళ సందులు నింపి, మఱల సున్నము పూయుటకు మేస్త్రి రెండునాళ్ళ కూలి, సాయపుమనిషి రెండునాళ్ళ కూలి, సామాను కలిపి 3,500 రూపాయలగునని లెక్కవేసితిని. తగిలించుటకైన వ్యయముకంటె, తగిలించినందున కలిగిన వ్యయమే ఇంచుమించు రెండింతలు. తమ్ముడు ఆ సొమ్ము తానిచ్చెదనని వెంటనే ఒప్పుకొనెను. అన్నగారు చాలసేపు పలుకలేదు. పిదప, "నాకు పైకము అక్కఱలేదండీ. నాన్న కట్టిన గోడ. 'అన్నయ్యా, రంధ్రము వేయుచున్నాము' అని గుమ్మములో నిలిచి ఒక్కమాట అనియున్న, దేవుని గూటిని నేనే ఖాళీచేసి యిత్తును గదా" అనెను. తమ్ముడు తలవంచుకొనెను. పైకము పుచ్చుకొనుమని నేను బలవంతపెట్టితిని, ఏలయన పుచ్చుకొనకపోయినచో ఆ బాకీ మాటలలో తీఱవలసివచ్చును; అది తీఱుట కష్టము. ఆయన పుచ్చుకొనెను. పెట్టెను దించి, ఆ వాటాలోని పడమటిగోడ నానించి బల్లమీద నుంచిరి. రంధ్రములను పూడ్చిరి. పూడ్చినచోట రంగు మాత్రము నేటికిని కలియలేదు. పిల్లలు మఱల రాకపోకలు మొదలుపెట్టిరి. పెద్దవారు పండుగలకు వచ్చుచున్నారు.

ఉమ్మడిగోడ కలిగినవారు మీలో చాలమంది యుందురు గనుక ఈ సంగతిని ఇంత విపులముగా చెప్పితిని. అద్దెయింట నున్నవారికిని ఇట్టిదే. ఇల్లు విడుచునాడు రంధ్రములు పూడ్చు ఖర్చు ఎవరిదో, తగిలించునాడే యింటివారితో అనుకొనుట మంచిది.

ఎత్తును గుఱించి చెప్పవలెను. ఇది రూపాయలలో కనబడని వ్యయము. చాపమీద కూర్చున్నవాని కన్ను నేలకు రెండున్నర అడుగుల ఎత్తున నుండును. కుర్చీలో కూర్చున్నవానిది నాలుగడుగులకు కొంచెము తక్కువ. తెర నడిమిభాగము ఆ కంటికి సూటిగానో కొంచెము క్రిందుగానో ఉన్నప్పుడు మెడకు శ్రమ లేదు. మన యిండ్లలో నేమి చేయుచున్నారు? క్రింద బీరువా యున్నదనియు, పిల్లల చేయి అందరాదనియు, ద్వారబంధము ఎత్తున, దేవుని పటముల వరుసలో తగిలించుచున్నారు. కూర్చున్న ముసలివాడు రెండు గంటలు తలయెత్తి, గోపురశిఖరమును చూచినట్లు చూడవలెను. మఱునాడు మెడ పట్టినదని తైలము మర్దనము. బిగించు మనిషి నిలువబడి, నిలువబడినవాని కంటికి సరిపోవునట్లు గుఱుతు పెట్టును. చూచువారు కూర్చుండి చూతురని అతనికి తోచదు. కావున గుఱుతు పెట్టుటకు ముందు, ఆ యింటిలో ఎక్కువసేపు చూచు పెద్దమనిషిని, సాధారణముగా అది నాయనమ్మగారే యగును, ఆమె నిత్యము కూర్చుండుచోట కూర్చుండబెట్టుడు. పెట్టెను ఇద్దఱు పట్టుకొని పైకి క్రిందికి జరుపుచుండగా, "అక్కడ" అని ఆమె చెప్పినచోట గుఱుతు వేయుడు. అంతకంటె మంచి రసమట్టము నాకు తెలియదు. ఎత్తు తప్పనిసరియైనచో, ముందుకు వంగు స్టాండును కొనవలెను. దానికి నూఱు రెండునూఱులు ఎక్కువగును. దూరమును కూడ అప్పుడే చూచుకొనుడు. 43 అంగుళముల పెట్టెకు అయిదారడుగులకంటె దగ్గఱగా కూర్చుండుట కన్నులకు హాయిగా నుండదు. మన ముందుగదులు కొన్ని అంత వెడల్పుండవు.

విద్యుత్తు ఖర్చు గోడమీదనైనను బల్లమీదనైనను ఒక్కటియే. 80 వాట్ల పెట్టె దినమునకు అయిదు గంటలు ఆడినచో నెలకు 12 యూనిట్లు. దానినిక్కడ విడుచుచున్నాను. విడువరానిది ప్లగ్గు ఉండుచోటు. తీగలు కనబడరాదని నేటి యువకులు ప్లగ్గును పెట్టె వెనుకనే బిగింపించుచున్నారు. చూచుటకు ఇంపుగా నుండును. కాని నైరుతి వానలకు ముందు సాయంకాలపు ఉఱుములు మెఱుపులు వచ్చినప్పుడు, ప్లగ్గును ఊడదీయుటయే పెట్టెకు రక్ష. మీట ఆర్పిన చాలదు. గొడుగునుండి వచ్చు తీగను కూడ ఉఱుము దూరమున నుండగానే ఊడదీయవలెను. పెట్టె వెనుక చేయి దూరనిచోట ప్లగ్గు ఉన్నచో ఎవరు తీయగలరు? ప్రక్కగా, మూరెడు దూరములో, ముసలివాని చేతికి అందుచోట దానిని పెట్టింపుడు. ఆ 680 రూపాయల పనిలో ఇందుకు వేఱుగా ఖర్చు లేదు. ముందుగా చెప్పుటయే కావలెను. గోడలో మూసిన తీగలు స్విచ్చిబల్లకు నిట్టనిలువుగా పైకిని క్రిందికిని పోవుచుండును. ఆ దారిలో బరమా పెట్టరాదు. ఇది పెట్టెకు సంబంధించిన మాట కాదు, ప్రాణమునకు సంబంధించిన మాట.

వానజల్లు కొట్టుగోడ, స్నానపు గది గోడ పనికిరావు. చెమ్మ లోపలినుండి వచ్చి పెట్టె వీపును తడుపును. పొడిగోడయైనను, పెట్టె వెచ్చదనమునకు బల్లులు వెనుక చేరును. అవి లోపలికి దూరి చచ్చి పెట్టెలు చెడుట నేను రెండు మాఱులు చూచితిని. తెర పగిలినను, కాలినను, క్రొత్తతెర వెల క్రొత్తపెట్టె వెలకు దగ్గఱగా నుండును. క్రిందపడి పగిలినదానికి అంగడివాని హామీ సాధారణముగా వర్తింపదు.

అట్లని గోడమీది పెట్టెను నేను నిందించుట లేదు. గోడ మంచిదైనచో బల్లమీదికంటె గోడమీదనే క్షేమము. నడక నేర్చు బిడ్డ బల్ల అంచును పట్టుకొని లేచును; బల్లమీది పలక కాళ్ళు సన్నమైనవి; లాగిన మీద పడును. దేశ దేశములలో పసిబిడ్డలకు ఇట్లు గాయములగుచున్నవని వైద్యులు చెప్పుచున్నారు. కావున బల్లమీద నుంచినవారు పెట్టె వీపునుండి గోడకో బల్లకో ఒక గట్టిపట్టీని కట్టవలెను. గోడమీద నుంచినవారు దాని క్రింద ఉయ్యాలను గాని, బిడ్డలు పరుండు మంచమును గాని వేయరాదు. ఏటేట సంక్రాంతికి వెల్ల వేయునప్పుడు పెట్టెను దించి, స్టాండును చేతితో ఊపి చూడవలెను. కదలినచో వెల్ల యారకమునుపే మేస్త్రిని పిలువుడు.

మట్టిగోడల యిండ్లవారు, "మఱి మేమేమి చేయవలెను?" అని అడుగుచుందురు. మా యింటిలో నేను చేయించినది చెప్పెదను. గోడను ముట్టలేదు. గోడ ముందు నేలమీద, నాలుగడుగుల యెడమున, రెండు ఇటుకదిమ్మెలు రెండడుగుల ఎత్తున కట్టించి, వానిమీద కడపబండను పఱపించితిని. ఇటుకలు పెరటిలో పాతవి యున్నవి. బండ, సిమెంటు, మేస్త్రి ఒక పూట కూలి కలిపి 1,350 రూపాయలైనది. బరువంతయు నేలమీద నున్నది. చాపమీద కూర్చున్న నా సహధర్మచారిణికి తెర కంటికి సూటిగా నున్నది. బండక్రింద పుస్తకములు, మందుల డబ్బా పట్టినవి. పెట్టెకు పట్టీ కట్టి బండ వెనుక కొక్కెమునకు తగిలించితిని. దిమ్మెలు కట్టునప్పుడు గోడకు అంటింపక, వెనుక నాలుగు వ్రేళ్ళ యెడము విడువుమని మేస్త్రికి చెప్పుడు. గాలి యాడును, చీపురు దూరును, బల్లి కనబడును.